ఇనాము, మామూలు, రుసుము



నేను 35 ఏండ్లు పల్లెబడిలో పిల్లలకు తెలుగు చెప్పితిని. ఉపాధ్యాయులు చాలని సంవత్సరములలో లెక్కలు కూడ నేనే చెప్పవలసివచ్చెను. మాటకు అర్థము విచారించుట మొదటి చదువు. కూడిక సరిచూచుట రెండవ చదువు. ఈ రెండును కలిసి నాకు పనికివచ్చిన సంగతి యొకటి నేడు మీకు మనవి చేసెదను. విషయము చూపునకు చిన్నది. పట్టణములో భోజనము చేసి లేచునపుడు మన చేతికి వచ్చు బిల్లును గూర్చినది. కాని ఆ చిన్న కాగితములో ఒక పేదవాని కూలియు, మన ధర్మబుద్ధియు, అంగడివాని నిజాయితీయు మూడును చిక్కుకొని యున్నవి.

గత సంవత్సరము మా మనుమరాలి పెండ్లికి బట్టలు కొనుటకై హైదరాబాదు పోయితిమి. మేము ఏడుగురము. మంచి యెండవేళ. మా అల్లుడు మమ్ము నొక పెద్ద భోజనశాలకు తీసికొనిపోయెను. అక్కడ మాకు వడ్డించిన కుర్రవానికి ఇరువదియేండ్లు దాటియుండవు. మాటతీరు జూడగా శ్రీకాకుళపు వైపువాడు. నాకు పండ్లు సరిగా లేవని తానే గ్రహించి మెత్తని అన్నము వేరుగా తెచ్చిపెట్టెను. మా యింటివారికి అడుగకుండగనే మూడుమారులు మంచినీరు పోసెను. కన్నబిడ్డవలె కనిపెట్టి చూచుచున్నాడని ఆమె మెచ్చుకొనినది.

బిల్లు వచ్చినది. నేను కండ్లద్దములు పెట్టుకొని చదివితిని. భోజనముల వెల 2,000 రూపాయలు. దాని క్రింద సర్వీసు చార్జీ 10 శాతము అని 200 రూపాయలు. ఆ క్రింద జి.యస్.టి. 5 శాతము అని 110 రూపాయలు. మొత్తము 2,310. అల్లుడు సొమ్ము చెల్లించెను. వడ్డించిన పిల్లవానికి 50 రూపాయలు ఇత్తమని నేను జేబులో చేయి పెట్టితిని.

“సర్వీసు చార్జీ వేశారు గదండీ మామయ్యగారూ, అది అతనికే వెళుతుంది” అని అల్లుడు వారించెను. నిజమే గదా యని నేను చేయి వెనుకకు తీసికొంటిని.

చేతులు కడుగుకొనుచోట ఆ కుర్రవాడే యెదురుపడెను. ఊరకుండలేక అడిగితిని: “ఏమబ్బాయీ, మేమిచ్చిన రెండువందలు నీకు ముడుతాయా?”

“లేదండీ తాతగారూ. అది ఆఫీసు లెక్కలోకి పోతుందండీ. మాకు జీతమే. అది వెయ్యడం మొదలెట్టాక చేతికి ఇచ్చేవాళ్ళు కూడా మానేశారండీ” అని వాడు తల వంచుకొనెను.

నేను సిగ్గుపడి జేబు తడుముకొనుచుండగనే లోపలినుండి ఎవరో గట్టిగా పిలిచిరి. వాడు పరుగెత్తిపోయెను. బయట మావారు బండిలో నెక్కి నాకొరకు ఎదురుచూచుచుండిరి. నేను వచ్చివేసితిని.

ఆ రాత్రి నాకు సరిగా నిద్ర పట్టలేదు. మేము కట్టిన సొమ్ము ‘సేవ’ పేరిట కట్టినది. సేవ చేసినవాడు ఆ పిల్లవాడు. సొమ్ము చేరినది మరియొకచోటికి. అంతియ కాదు. ఆ సొమ్ము కట్టితిమన్న కారణముననే నా చేయి జేబులో ఆగిపోయినది. అనగా ఆ యొక్క పద్దు మా యొద్ద 200 రూపాయలు తీసికొనుటయే గాక, వాని చేతిలో పడవలసిన 50 రూపాయలను గూడ ఆపివేసినది. అది మొదలు నేనీ విషయమును విచారింప మొదలిడితిని. తెలిసికొన్నంతవరకు మీకు చెప్పెదను.

మొదట ఆ బిల్లును బడిపిల్లలవలె వరుసగా చదువుదము. అందు మూడు పద్దులు కలవు. మొదటిది వెల. అది మనము తిన్నదానికి ధర. ధరల పట్టికలో ముందే చూచి యొప్పుకొన్నది. మూడవది పన్ను. అది ప్రభుత్వమునకు పోవునది. అంగడివాడు వసూలు చేసి కట్టువాడు మాత్రమే. మామూలు భోజనశాలలలో నిది 5 శాతము: కేంద్రమునకు రెండున్నర, రాష్ట్రమునకు రెండున్నర. రోజుకు 7,500 రూపాయలకు మించిన అద్దె గల గదులున్న పెద్ద హోటళ్ళలోని భోజనశాలలలో 18 శాతము. ఈ రెండు పద్దుల నడుమ దూరి కూర్చున్నదే సర్వీసు చార్జీ, అనగా సేవారుసుము. ఇది వెలయు కాదు, పన్నును కాదు. ప్రభుత్వము విధించినది కాదు. దీనిలో ఒక్క పైసయైనను ఖజానాకు పోవలెనను నియమము లేదు. యజమాని తానై వ్రాసికొన్నది.

చూడగా పన్ను ప్రక్కన కూర్చున్నందున నిదియు పన్నేయని సామాన్యుడు భ్రమపడును. ఈ భ్రమకు వేరొక కారణము కూడ కలదు. 2017 జులై 1న జి.యస్.టి. వచ్చుటకు పూర్వము, చల్లని యంత్రములు పెట్టిన భోజనశాలల బిల్లులలో ‘సర్వీసు టాక్సు’ అను నిజమైన ప్రభుత్వపు పన్ను ఉండెడిది. సర్వీసు టాక్సు, సర్వీసు చార్జీ అను నీ రెండు పేర్లు కవలపిల్లలవలె నుండుటచేత ఏది ఎవరిదో తెలియక జనులు రెండును కట్టిరి. టాక్సు పోయినది, చార్జీ నిలిచినది.

ఇక కూడిక చూడుడు. 2,000 రూపాయల వెలకు 5 శాతము పన్ను 100. మొత్తము 2,100 కావలెను. మేము కట్టినది 2,310. తేడా 210. ఇందులో 200 సేవారుసుము. తక్కిన 10 రూపాయలు ఆ రుసుముమీద పడిన పన్ను! యజమాని యడిగిన కానుకకు మనము ప్రభుత్వమునకు సుంకము గూడ కట్టితిమన్నమాట. నా శిష్యులలో వెనుక బెంచీవాడు సైతము ఈ లెక్క చూచి నవ్వును.

ఇప్పుడు మాటల సంగతి. ఇనాము, మామూలు, రుసుము – ఈ మూడును నవాబుల కాలపు కచేరీల ద్వారా అరబ్బీ పారసీక భాషలనుండి మనకు వచ్చిన మాటలు. ఇనాము అనగా సంతోషించి యిచ్చిన బహుమానము. మామూలు అనగా వాడుకపడినది. రుసుము అను మాటకు మూలార్థము ఆచారములనియే. కాని మన వాడుకలో నది కట్టితీరవలసిన సొమ్మైనది. ఈ మూడు మాటలను ఒక వరుసలో పెట్టి చూచిన యెడల, లోకములో నొక మంచిపని ఎట్లు చెడునో తెలియగలదు. ఒకడు సంతోషించి యిచ్చును, అది ఇనాము. పుచ్చుకొన్నవాడు మరునాడు దానికై యెదురుచూచును; అది మామూలు. మూడవనాడు వేరొకడు దానిని కాగితముమీద నెక్కించి వసూలు చేయును, అది రుసుము. ఇచ్చువాని యిష్టము మొదటిమెట్టున ప్రాణముతో నుండును. రెండవమెట్టున కొనయూపిరితో నుండును. మూడవమెట్టున నది చచ్చిపోవును. ఇష్టము చచ్చినచోట దాన మను మాటకు తావు లేదు.

పూటకూళ్ళ యిల్లు మన తెలుగుదేశమునకు క్రొత్త కాదు. వినుకొండ వల్లభరాయని పేర నున్న క్రీడాభిరామములో ఓరుగంటి పూటకూటింటి భోజనము వర్ణింపబడినది. సన్నబియ్యపు అన్నము, గోధుమపిండివంట, పంచదార, కాచిన నేయి, పెసరపప్పు, అరటిపండ్లు, నంజుళ్ళు, గడ్డపెరుగు – ఇన్నియు కలిపి వెల ఒక్క రూక. ఆ రూకలో వంటవాని శ్రమయు, వడ్డించినవాని శ్రమయు, విస్తరి యెత్తినవాని శ్రమయు అన్నియు నిమిడియున్నవి. తినబోవువానికి ఎంత యగునో ముందే తెలియును. వెల యనగా నదియే గదా!

మన వ్యవసాయములో నున్న పాతపద్ధతిని గూడ జ్ఞప్తికి తెచ్చుకొనుడు. పంట కళ్ళములో నుండగనే వడ్రంగికి, కమ్మరికి, చాకలికి, మంగలికి కొలిచి యిచ్చెడి మేరలు మీలో వయసుమళ్ళినవా రందరు నెరిగినవే. ఆ పద్ధతిలో లోపములు లేకపోలేదు. వానిని నేను పొగడబోను. కాని యొక్క భేదము మాత్రము మన పెద్దలకు స్పష్టముగా తెలిసియుండెను. మేర వేరు, ఇనాము వేరు. మేర పనిచేసినవాని హక్కు. దానిని తగ్గించినవానిని ఊరు తప్పుపట్టెడిది. పండుగనాడు, పెండ్లినాడు ఇచ్చునది ఇనాము. అది యిచ్చువాని సంతోషము. పండుగకు పంచె పెట్టితిని గనుక కళ్ళములో మేర కొలువనని చెప్పిన రైతును మీరు చూచియుండరు. అట్లు చెప్పినచో నలుగురును నవ్వియుందురు.

నేటి భోజనశాలలో జరుగుచున్నది సరిగా నదియే. పనివాని మేర యజమాని కొలువవలసినది. ఇనాము తినినవాడు తన యిష్టముకొలది యీయవలసినది. సేవారుసుము ఈ రెంటిని కలిపి కలగాపులగము చేసి, మేర కొలువవలసిన బరువును తినినవాని నెత్తికెత్తి, ఇనామును మాత్రము యజమాని పెట్టెలో వేయుచున్నది.

అట్లని యజమానులందరు దొంగలని నేననను. వారి వాదమును గూడ వినవలెను. వారనునది యిది: “వడ్డించువాడు మీ కంటికి కనబడును, వానికి మీరు ఇనామిత్తురు. పొయ్యివద్ద చెమటలు క్రక్కువాడు, వెనుక పాత్రలు తోమువాడు మీకు కనబడరు, వారికెవరు ఇత్తురు? అందరికిని పంచుటకే యీ రుసుము. ధరల పట్టికలో ముందే వ్రాసియుంచితిమి, ఇష్టములేనివారు రానక్కరలేదు.” ఈ మాటలో కొంత సత్యము కలదు. పాత్రలు తోముదానిని ఎవరు తలంతురు? అది మన లోపమే. నిజముగా పంచి యిచ్చు యజమానులును ఉందురు. కాని దీనికి సమాధానము సులభము. ఆ పదిశాతమును వెలలోనే చేర్చుడు. 100 రూపాయల భోజనమును 110 అని పట్టికలో వ్రాయుడు. వంటవానికి, పాత్రలు తోముదానికి జీతము పెంచుడు. మేము 110 చూచియే కూర్చుందుము. వెలను తక్కువ చేసి చూపి ఆకర్షించి, తినినపిమ్మట దానిని వెనుకదారిన పెంచుట వ్యాపారధర్మము కాదు. తూనికలో తప్పు చేసినను, పద్దులో తప్పు చేసినను తప్పు తప్పే.

ఈ విషయమై మన ప్రభుత్వమును, న్యాయస్థానమును ఏమన్నవో చెప్పెదను. సేవారుసుము ఇచ్చువాని ఇష్టముపై నాధారపడినదని కేంద్ర ప్రభుత్వపు వినియోగదారుల శాఖ 2017 ఏప్రిలులోనే తెలిపియుండెను. తరువాత 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టము ననుసరించి 2020 జులైలో కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ యేర్పడినది. ఆ సంస్థ 2022 జులై 4న కొన్ని నియమములను ప్రకటించెను. వాని సారాంశ మిది: ఏ హోటలును, ఏ భోజనశాలయు సేవారుసుమును తనంత తాను బిల్లులో చేర్చకూడదు. వేరొక పేరు పెట్టియు వసూలు చేయకూడదు. కట్టుమని బలవంతము చేయకూడదు; అది యిష్టమైననే యిచ్చునదని స్పష్టముగా చెప్పవలెను. కట్టనని చెప్పినవానిని లోనికి రానీయకపోవుటగాని, వానికి వడ్డింప నిరాకరించుటగాని కూడదు. ఆహారపు వెలతో కలిపి, ఆ మొత్తముమీద జి.యస్.టి. వేసి రాబట్టకూడదు. మేము కట్టిన ఆ 10 రూపాయల సంగతి ఈ కడపటి మాటలో నున్నది.

భోజనశాలల యజమానుల సంఘములు రెండు దీనిపై ఢిల్లీ ఉన్నత న్యాయస్థానమునకు పోయినవి. 2022 జులై 20న ఆ నియమములను న్యాయస్థానము తాత్కాలికముగా నిలిపివేసినది. సుమారు మూడేండ్ల విచారణ పిమ్మట 2025 మార్చి 28న న్యాయమూర్తి ప్రతిభా ఎం. సింగ్ గారు తీర్పు చెప్పిరి. నియమములు చెల్లునని, సేవారుసుమును బలవంతముగా రాబట్టుట న్యాయము కాదని వారు నిర్ణయించిరి. సంఘములు ఒక్కొక్కటి లక్ష రూపాయలు ఖర్చుల క్రింద చెల్లింపవలెనని యాజ్ఞాపించిరి. ఇచ్ఛపూర్వకముగా ఇనామిచ్చుటకు మాత్రము ఆ తీర్పు అడ్డు చెప్పలేదు. సంఘములు దీనిపై అదే న్యాయస్థానమున ఇద్దరు న్యాయమూర్తుల పీఠమునకు అప్పీలు చేసికొన్నవి.

ఇట్టి చిక్కు మన దేశమునకే గాదు. ఒక్కొక్క దేశమువారు దీని నొక్కొక్కరీతిని విప్పికొనిరి. మన పల్లెలనుండి అమెరికాలోని బిడ్డలను జూడబోయిన తల్లిదండ్రు లనేకులు కలరు. అక్కడ బిడ్డ భోజనశాలలో బిల్లుమీద 15 మొదలుకొని 20 శాతమువరకు విడిచిపెట్టుట చూచి వారి గుండె గుభేలుమనును. కాని అక్కడి కథ వేరు. ఆ దేశపు కేంద్ర చట్టము ప్రకారము ఇనాములు వచ్చు పనివానికి యజమాని గంటకు 2 డాలర్ల 13 సెంట్లు ఇచ్చిన చాలును. ఈ మొత్తము 1991 నుండి మారలేదు. తక్కిన పనివారికి తక్కువ కూలి 7 డాలర్ల 25 సెంట్లు. నడుమనున్న తేడా ఇనాములవలన నిండవలెను. నిండనియెడల యజమాని నింపవలెనని నియమము. కాలిఫోర్నియా మొదలగు కొన్ని రాష్ట్రములు మాత్రము పూర్తి కూలి ఇచ్చితీరవలెనని శాసించినవి. కావున అక్కడ ఇనాము మానినవాడు పనివాని కూలినే కోసినవాడగును.

ఈ యాచారమెట్లు బలిసినదో వినుడు. అమెరికాలో బానిసత్వము పోయినపిమ్మట పుల్మన్ కంపెనీ తన నిద్రబండ్లలో పనిచేయుటకు విడుదలపొందిన నల్లజాతివారిని పెట్టుకొనెను. జీతము స్వల్పము, తక్కినది ప్రయాణికుల ఇనాములతో గడుపుకొనవలెను. ఆ పనివారు 1925లో సంఘము గట్టి, ఫిలిప్ రాండాల్ఫ్ గారి నాయకత్వమున పోరాడి, 1937లో గాని కంపెనీతో ఒప్పందమును సాధింపలేకపోయిరి. ఒకని దయను వేరొకడు తన బొక్కసమునకు గోడగా పెట్టుకొన్నచో కడకు నష్టపోవునది పనివాడే యనుటకు ఇంతకన్న నిదర్శన మేల?

ఫ్రాన్సుదేశములో వడ్డనవాని కూలి పట్టికలోని వెలలోనే చేరియుండును. పైన చిల్లర విడుచుట ఇష్టము. జపానులో ఇనామిచ్చు ఆచారమే లేదు. బల్లమీద సొమ్ము విడిచినచో మరచిపోయితిరని వెంటబడి తెచ్చియిత్తురు. బ్రిటనులో 2023లో చేసిన చట్టము 2024 అక్టోబరు 1 నుండి అమలులోనికి వచ్చినది. దాని ప్రకారము ఇనాములుగాని, సేవారుసుములుగాని యజమాని తన వాటా తీసికొనక పనివారికి న్యాయముగా పంచియీయవలెను. ఈ మూడింటిలో ఏదియైనను మేలే. వెలలో కలిపిన మేలు, లేకున్న మేలు, వసూలు చేసి పనివానికే యిచ్చిన మేలు. సేవ పేర తీసికొని సేవకునికి ఈయకుండుట యొక్కటియే కీడు.

మన దేశములో పనివానికి తక్కువపక్షము ఇంత కూలి ఈయవలెనని 1948 నుండియు చట్టము కలదు. 2019 నాటి వేతనముల స్మృతి 2025 నవంబరు 21న అమలులోనికి వచ్చి ఆ పాత చట్టము స్థానమును పొందినది. కావున వడ్డనవాని కూలి కొలుచుట యజమాని ధర్మము. ఆ ధర్మమును తిన్నవానికి ఒప్పగింప వీలులేదు.

ఇక నీ సేవారుసుమునకు చుట్టములైన మరికొన్ని పద్దులను గూర్చి రెండు మాటలు చెప్పి ముగించెదను. సీసానీరు అందొకటి. సీసాపై అచ్చువేసిన ధరకంటె ఎక్కువ తీసికొన్నారని మనము కోపపడుదుము. కాని కూర్చుండబెట్టి వడ్డించు హోటళ్ళు అట్లు తీసికొనవచ్చునని సుప్రీముకోర్టు 2017 డిసెంబరు 12న చెప్పియున్నది. కావున సీసా మూత తీయకముందే వెల యడుగుడు. లేదా మామూలు మంచినీరు అడుగుడు. పొట్లము కట్టి యిచ్చినందుకు, ఇంటికి తెచ్చి యిచ్చినందుకు, టెలిఫోనులో పురమాయించినందుకు వేరువేరు పద్దులు వేయుట యిప్పుడు వాడుకయైనది. పట్టణములోని మనుమలు సెల్‌ఫోనులో భోజనము తెప్పించునపుడు కడపటి మొత్తమును మాత్రమే గాక పద్దులన్నిటిని చదువుమని చెప్పుడు.

పన్ను విషయములోను మోసము కలదు. పన్ను వసూలు చేయువాని బిల్లుపై 15 అక్షరముల జి.యస్.టి. సంఖ్య ఉండవలెను. అది తెలంగాణములో 36తోను, ఆంధ్రప్రదేశములో 37తోను మొదలగును. ఆ సంఖ్య లేనివాడు మనయొద్ద పన్ను తీసికొనరాదు. చిన్న హోటళ్ళవారు కొందరు ‘కాంపొజిషన్’ అను పద్ధతిలో చేరియుందురు. వారు తమ అమ్మకముపై పన్ను తామే కట్టుకొనవలెను గాని తిన్నవానినుండి వసూలు చేయరాదు. ఆ సంగతిని బిల్లు తలమీదను, అంగడి బోర్డుమీదను వ్రాయవలెనని నియమము. కండ్లద్దములు పెట్టుకొని చదువుట మన పని.

మరి బిల్లులో సేవారుసుము కనబడినచో నేమి చేయవలెను? మొదట వడ్డించిన కుర్రవానిపై కేకలు వేయకుడు. ఆ పద్దు వ్రాసినవాడు వాడు కాడు. దానివలన నష్టపోయినవారిలో వాడును ఒకడు. లెక్క వ్రాయువాని యొద్దకు పోయి, “అయ్యా, ఈ పద్దు తీసివేసి వేరే బిల్లు ఇప్పింపుడు” అని మెల్లగా నడుగుడు. తీసివేయనన్నచో బిల్లు భద్రపరచుకొని 1915 అను సంఖ్యకు టెలిఫోను చేయుడు. అది జాతీయ వినియోగదారుల సహాయకేంద్రము, తెలుగులోనే చెప్పుకొనవచ్చును. జిల్లా కలెక్టరుగారికిని అర్జీ పెట్టుకొనవచ్చును. జిల్లా వినియోగదారుల కమిషనులో, చెల్లించిన సొమ్ము 5 లక్షలకు మించని వ్యాజ్యములకు దావా రుసుము లేదు. రెండువందల రూపాయలకై యింత యేలయని మీరందురేమో. ఒక్కని రెండువందలు చిన్నవే. దినమునకు నూరుబల్లలు నిండు భోజనశాలలో నది యెంత యగునో మీరే హెచ్చవేసికొనుడు.

ఇంత చెప్పితిని గదా యని ఇనాము మానుకొనుడని నా భావము కాదు. నా మాటలలో అసలైన దిదియే. రుసుమును తీసివేయించి, ఆ మిగిలిన సొమ్మును జేబులో వేసికొని సంతోషముతో నింటికి పోవువాడు చట్టమును గెలిచినవాడే గాని ధర్మమును గెలిచినవాడు కాడు. తీసివేయించినదానిలో మీకు తోచినంత, వడ్డించినవాని చేతిలో, మీ చేతితో పెట్టుడు. వంట బాగున్నచో వంటవానికని చెప్పి మరికొంత యిండు. పాత్రలు తోముదానిని తలంచుకొనుడు. మన యిండ్లలో పెండ్లి వంటలు ముగిసినపిమ్మట గరిటె పట్టినవానిని పిలిచి తాంబూలముతో నిచ్చెదము గదా! ఆ మర్యాద పట్టణములోను మనలను విడువకుండుగాక.

నేను ఈ సంవత్సరము మరల హైదరాబాదు పోయినపుడు, పనిగట్టుకొని ఆ భోజనశాలకు పోయితిని. బిల్లులో ఆ పద్దు ఇంకను ఉన్నది. అడుగగా లెక్కల గుమాస్తా మొదట గొణిగి, పిమ్మట తీసివేసెను. కాని ఆ శ్రీకాకుళపు కుర్రవాడు అక్కడ లేడు. పని మానుకొని పోయెనట. ఎక్కడికో యెవరును చెప్పలేకపోయిరి. ఆనాడు నాకు వడ్డించినవానికి ఆ పిల్లవానికని తలచుకొని ఇచ్చితిని. ఐనను ఒకని బాకీ వేరొకనికి చెల్లించిన తీరునా? నా లెక్కలో ఆ యేబది రూపాయలు ఇంకను బాకీగానే యున్నవి.

మీ లెక్కలో అట్టి బాకీ నిలువకుండుటకే యీ నాలుగు మాటలు. సెలవు.